గుండెదడ - నిదానము, చికిత్స

మన భాషలో గుండెను గూర్చిన పలుకుబడులకు కొదువ లేదు. భయమున గుండె ఝల్లుమనును. దుఃఖమున గుండె చెరువగును. కష్టము తీరినప్పుడు గుండె కుదుటపడును. మనసులోని ప్రతి కలతను గుండెకు అంటగట్టుట మనకు అనాదిగా అలవాటు. ఆ అలవాటువలననే కాబోలు, ఎవరైన తమ గుండె దడదడ కొట్టుకొనుచున్నదని చెప్పినప్పుడు, దేనికో జడిసియుందురని ఊరడించి అంతటితో ఊరకుందుము. అనేక సందర్భములలో ఆ మాట నిజమే. కాని కొందరి విషయమున అది నిజము కాదు. వారి గుండె జడిసి పరుగెత్తుట లేదు. దానిలోని విద్యుత్తు దారితప్పి సుడి తిరుగుచున్నది. ఈ రెండింటికి గల భేదమును, రెండవదానిని కనిపెట్టి కుదుర్చు విధానమును ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ముందుగా సహజమైన వేగమును గూర్చి చెప్పుదుము. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో మాఘ ఫాల్గుణములనాటికి మిరప కల్లములు ఎఱ్ఱగా పరచుకొనును. అక్కడ ఎండలో వంగి కాయలు కలియబెట్టుచు, తాలుకాయ ఏరుచు దినమంతయు పనిచేయువారికి చెమటతో నీరు, ఉప్పు తరిగిపోవును. ఆ లోటు తీర్చుకొనుటకై గుండె వేగము పెంచును. జ్వరము, రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుట, పరుగు, దిగులు కూడ ఇట్లే చేయును. ఇచ్చట గుండె యజమాని ఆజ్ఞను పాటించు నౌకరు వంటిది. కారణమును తొలగించినచో వేగము తగ్గును; గుండెకు వేఱు వైద్యము అక్కరలేదు. పత్తిచేలలో పురుగుమందు చల్లువారికి మాత్రము ఒక హెచ్చరిక. మందు చల్లిన పిమ్మట చొంగ కారుట, విపరీతముగ చెమట పట్టుట, చూపు మసకబారుట, ఊపిరి బరువగుట, గుండె మరీ మెల్లగానో మరీ వడిగానో కొట్టుకొనుట కనబడెనేని అది విషప్రభావము. బట్టలు విప్పించి, ఒడలు సబ్బుతో కడిగి, క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. ఆ విషయము నేటి మన ప్రసంగమునకు చేరదు.

అసహజమైన వేగమునకు గుర్తు దాని రాకపోకలలో కలదు. సహజమైన వేగము మెల్లగా పెరిగి మెల్లగా తగ్గును. అసహజమైనది మీట నొక్కినంతనే రేడియో పలికినట్లు ఒక్కసారిగ మొదలగును, మీట కట్టివేసినట్లు ఒక్కసారిగ ఆగును. నడుమ గుండె నిమిషమునకు 150 మొదలు 250 పర్యాయములవరకు కొట్టుకొనును. కూర్చుండి విశ్రమించినను తగ్గదు. కొందరికి మెడలో దబదబ అదరును. దడ ఆగిన పిమ్మట కొందరికి మూత్రము అధికముగ వెడలును. ఈ లక్షణములు రోగి తనంతట చెప్పనిచో వైద్యుడు అడిగి తెలిసికొనవలసినవి.

ఈ వ్యాధి తెలియుటకు ముందు గుండె నడకను కొంత ఎరుగవలెను. గుండెకు నాలుగు గదులు. పైవి రెండు కర్ణికలు, క్రిందివి రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగమున సిరాకర్ణికా కణుపు అను చిన్న కణజాలము కలదు. అది విశ్రాంతివేళ నిమిషమునకు 60 మొదలు 100 మారులు స్వల్పమైన విద్యుత్ స్పందనమును పుట్టించును. నిమిషమునకు 70 చొప్పున లెక్కించినను దినమునకు లక్షకు పైబడును. ఆ స్పందనము కర్ణికలపై వ్యాపించి వాటిని ముడుచుకొనజేయును. కర్ణికలకు జఠరికలకు నడుమ విద్యుత్తును సాగనీయని నారపొర ఒకటి కట్టవలె అడ్డముండును. ఆ కట్టకు తూము ఒక్కటే. దాని పేరు కర్ణికాజఠరికా కణుపు. నాగార్జునసాగరు కుడికాలువ క్రింద వ్యవసాయము చేయువారికి తూము చేయు పనిని వేఱుగ చెప్పనక్కరలేదు. ఈ కణుపు స్పందనమును సెకనులో సుమారు పదవవంతు కాలము నిలిపి, పిమ్మట హిస్ పుంజము ద్వారా, పర్కింజీ తంతువుల ద్వారా జఠరికలకు అందించును. ఆ నిలుపుదలవలననే పైగదులలోని రక్తము క్రిందిగదులకు చేరుటకు వ్యవధి దొరకును. 1893 లో హిస్, 1906 లో జపాను దేశీయుడు తవారా, 1907 లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనువారు ఈ మార్గమును భాగములుగ కనిపెట్టిరి.

దారి తప్పుట ఎట్లనగా: కొందరికి పుట్టుకతోనే ఆ తూములో ఒకదానికి బదులు రెండు త్రోవలుండును. ఒకటి వడిగల త్రోవ. కాని ఒకసారి స్పందనము సాగిన పిమ్మట అది తేరుకొనుటకు ఎక్కువ కాలము పట్టును. రెండవది మెల్లని త్రోవ. అది త్వరగా తేరుకొనును. సాధారణముగ స్పందనము వడిగల త్రోవననే పోవును, చిక్కు రాదు. ఒకనాడు ఒక స్పందనము వేళకు ముందే పుట్టినదనుకొందము. అప్పటికి వడిగల త్రోవ ఇంకను తేరుకొనలేదు. కనుక అది మెల్లని త్రోవన దిగును. అడుగునకు చేరునప్పటికి వడిగల త్రోవ తేరుకొనియుండును. వెంటనే దానిగుండ పైకెక్కును. ఎక్కి మరల మెల్లని త్రోవన దిగును. ఇక గానుగెద్దువలె అక్కడనే తిరుగుచుండును. ఒక్కొక్క చుట్టునకు గుండె ఒక్కొక్కసారి కొట్టుకొనును. పెద్దవారిలో క్రమము తప్పక వచ్చు దడలలో ఎక్కువ భాగము ఈ రకమే. పురుషులకంటె స్త్రీలకు ఇది ఇంచుమించు రెట్టింపు.

మరికొందరికి తూము సరిగానే యుండును, కాని కట్టలో వేఱొక చోట దొడ్డిదారి యొకటి మిగిలిపోవును. గర్భమున గుండె ఏర్పడునపుడు తెగిపోవలసిన కండపోగు తెగక నిలుచుటయే దీనికి కారణము. 1930 లో వుల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అను ముగ్గురు వైద్యులు దీని లక్షణములను వివరించిరి. ఈ వ్యాధికి నేటికిని వారి పేర్లే నిలిచినవి. స్పందనము తూముగుండ దిగి దొడ్డిదారిన ఎక్కి చుట్టు తిరుగును. ఇవిగాక, కర్ణికలో ఏదో ఒక చోట కణములు స్వతంత్రించి తామే తాళము వేయుట ఇంకొక రకము. రేడియోలో మనకు కావలసిన స్టేషనుపై వేఱొక స్టేషను వచ్చి పడినట్లుండును.

ఇందులోని కష్టమును ఒక దృష్టాంతముతో చూతము. చిలకలూరిపేట ప్రాంతపు పల్లెలో ముప్పది యేండ్ల గృహిణి యొకతె కలదనుకొందము. కల్లములో వంగి కాయలు ఏరుచుండగా గుండె హఠాత్తుగా పరుగెత్తును. వంగుట ఈ రకపు దడను రేపుట కద్దు. కనులు చీకట్లు క్రమ్మును. అత్తగారు మంచినీరిచ్చి పండుకొనబెట్టును. ఇరువది నిమిషములలో దడ ఆగును. ఆటోలో పట్టణమునకు పోయి డాక్టరుగారికి చూపునప్పటికి నాడి సరిగానుండును, ఇ.సి.జి. నిర్దోషముగ వచ్చును. బలహీనత అనియు, దిగులు అనియు చెప్పి బలమునకు, నిద్రకు మాత్రలు వ్రాయుదురు. ఇంటికి వచ్చినపిదప ఒకరు దిష్టి తీయుదురు, ఒకరు తాయెత్తు కట్టుదురు. ఇట్లు ఐదారేండ్లు గడచును. ఆమె మాట నమ్మువారు తగ్గుదురు. తుదకు తన మాటను తానే నమ్మని స్థితి యేర్పడును. ఈ వ్యాధిలోని బాధలో సగము ఇదియే. ఇట్టి కథలు దేశదేశములలో వైద్యులెరిగినవే. ఇందు అబద్ధమాడినవారెవరును లేరు. ఇ.సి.జి. తీసిన ఘడియలో గుండె నిజముగనే సరిగానున్నది.

కనుక మొదటి సూత్రము: దొంగను దొంగతనము చేయుచుండగనే పట్టవలెను. దడ వచ్చినప్పుడు మణికట్టు నాడిని గడియారము చూచి అరనిమిషము లెక్కించి రెట్టింపు చేయవలెను. దడ మొదలైన వేళ, ఆగిన వేళ వ్రాసికొనవలెను. దడ ఉండగనే సమీపమున నున్న ఆసుపత్రికి పోయి ఇ.సి.జి. తీయించుకొని, ఆ కాగితమును పొలము పట్టావలె భద్రపరచవలెను. ఆ చారెడు కాగితము పది మాత్రలకంటె విలువైనది. దడ తరచుగ వచ్చువారికి 24 గంటలపాటు గుండె నడకను నమోదుచేయు పరికరమును ఒంటికి తగిలింతురు. దానిని రూపొందించిన నార్మన్ హోల్టర్ తొలిదినములలో వీపున మోయవలసిన సుమారు 38 కిలోల బరువుగల రేడియో ప్రసారయంత్రమును వాడి, ఆ గాలితరంగములద్వారా గుండె నడకను గ్రహించెను. నేడు ఆ పరికరము జేబులో ఇముడును.

దడ ఉన్నప్పుడు తక్షణము చేయదగినదేమి? వైద్యుడు వ్యాధిని నిర్ధారించి అనుమతించినవారు ఒక ఉపాయమును అవలంబింపవచ్చును. సగము కూర్చున్న భంగిమలో ముక్కు నోరు బిగించి 15 సెకనులు బలముగ ముక్కవలెను. వెంటనే వెల్లకిల పండుకొనగా వేఱొకరు రెండు కాళ్లను ఏటవాలుగ పైకెత్తి మరి 15 సెకనులు పట్టుకొనవలెను. ఇంగ్లండులో 428 మందిపై జరిపి 2015 లో ప్రకటించిన పరిశోధనలో, ఊరక ముక్కినవారిలో నూటికి 17 గురికి దడ ఆగగా, ఇట్లు కాళ్లెత్తినవారిలో నూటికి 43 గురికి ఆగినది. దీనికి కాసు ఖర్చు లేదు. అయితే స్పృహ తప్పినను, ఛాతీలో నొప్పి వచ్చినను, ఊపిరి ఆడకున్నను ఈ ఉపాయములతో కాలహరణము చేయక 108 ను పిలువవలెను.

ఆసుపత్రిలో ఈ దడను ఆపుటకు ఇచ్చు సూదిమందు పేరు అడినోసిన్. దీని చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన ఘట్టమొకటి కలదు. 1895 లో భీమవరమున జన్మించి, 1923 లో అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, బోస్టన్ నగరమందలి హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి, కండలకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929 లో ప్రకటించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే యేట దానిని కనిపెట్టెను. ఏ.టి.పి. యనగా అడినోసిన్‌కు మూడు ఫాస్ఫేటులు చేరిన రూపము. విచిత్రమేమన, అదే 1929 లో కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-జార్జీ అనువారు ఈ అడినోసిన్ జాతి పదార్థములు గుండె వేగమును తగ్గించునని చూపిరి. పిమ్మట ఐరోపాలో కొన్ని దేశములందు ఏ.టి.పి.నే దడకు మందుగ వాడిరి. అడినోసిన్ 1989 లో అమెరికాలో ఆమోదము పొందినది. సిరలోనికి వేగముగ ఎక్కించినంతనే అది తూమును కొన్ని క్షణములు మూసివేయును. గానుగ నిలిచిపోవును. పది సెకనులలోపుననే మందులో సగము కరిగిపోవును. ఆ క్షణములలో రోగికి ఛాతీ బిగబట్టినట్లుండును. అది త్వరలోనే తొలగునని ముందే చెప్పియుంచినచో భయపడరు. టీ, కాఫీలు ఈ మందు బలమును తగ్గించును. ఉబ్బసము గలవారు ఆ సంగతిని ముందే చెప్పవలెను.

సూదిమందు ఆనాటి దడను ఆపును గాని మరునాటి దడను ఆపదు. దినదినము మాత్రలు మ్రింగుట ఒక మార్గము. త్రోవనే మూసివేయుట రెండవ మార్గము. త్రోవ ఎచ్చట నున్నదో తెలియనిదే మూయుట ఎట్లు? ఇందులకై ఏర్పడినదే ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్ష. వైద్యులు క్లుప్తముగ ఇ.పి. పరీక్ష అందురు.

గుండెలోనికి గొట్టమును పంపవచ్చునని లోకమునకు చూపినవాడు ఫోర్స్‌మన్ అను జర్మను యువవైద్యుడు. అదియు 1929 లోనే. అతడు తన చేతిసిరగుండ సన్నని గొట్టమును తన గుండెవరకు త్రోసికొని, ఎక్స్-రే గదికి నడచిపోయి చిత్రము తీయించుకొనెను. 1956 లో అతనికి నోబెలు బహుమానములో భాగము లభించినది. 1967 లో ఆమ్‌స్టర్‌డాములో డ్యూరర్, పారిస్‌లో కుమెల్ అనువారు, గుండెకు వెలుపలినుండి వేళకు ముందే స్పందనములనిచ్చి దడను కావలెనని పుట్టించి, మరల ఆపవచ్చునని చూపిరి. 1969 లో షెర్లాగ్ కాథెటర్ అను సన్నని తీగగొట్టముతో హిస్ పుంజపు సంకేతమును నమోదుచేసెను. నేటి పరీక్షకు ఇవియే పునాదులు.

పరీక్ష జరుగు తీరు ఇది. రోగి కొన్ని గంటలు ఉపవాసముండును. గుండె లయను అణచు మాత్రలను వైద్యుని సలహాపై కొన్నిదినములు ముందుగ నిలుపుదురు. గజ్జలో తిమ్మిరిసూది వేసి, అక్కడి సిరగుండ రెండు మిల్లీమీటర్ల మందముగల మూడు నాలుగు కాథెటర్లను ఎక్స్-రే సహాయమున గుండెకు చేర్తురు. కోతలు, కుట్లు ఉండవు. ఒకటి కర్ణికలో, ఒకటి హిస్ పుంజమువద్ద, ఒకటి జఠరికలో, మరియొకటి గుండె వెనుకనున్న సిరలో నిలుచును. వాటి కొనలయందలి లోహపు వలయములు ఏరియలులవలె పనిచేసి, ఏ చోటికి ఏ క్షణమున స్పందనము చేరినదో సెకనులో వేయవవంతు వఱకు తెలుపును. పిమ్మట వైద్యుడు వేళకు ముందు స్పందనముల నిచ్చుచు, ఆ వ్యవధిని కొంచెము కొంచెముగ కుదించును. త్రోవలు రెండున్నచో ఒక మెట్టుకడ వడిగల త్రోవ మూతబడి, రోగికి ఇంటివద్ద వచ్చు దడయే బల్లమీద మొదలగును. "ఇదేనండి, నాకు వచ్చేది ఇదే!" అని రోగి కేకవేయుట కద్దు. ఏండ్లతరబడి ఎవరును నమ్మని మాటకు అచ్చట సాక్ష్యము దొరకును. దడ పుట్టినదని జడియనక్కరలేదు. పుట్టించిన తీగలతోనే దానిని ఆపుదురు. ఆగని యెడల వాడుటకు విద్యుత్ తాడన యంత్రము ప్రక్కనే సిద్ధముగ నుండును. దడ సాగుచుండగా ఏ చోటు ముందు స్పందించినది, ఏది వెనుక అని చూచి త్రోవ స్థానమును గుర్తింతురు.

మూయుట మొదట శస్త్రచికిత్సతోనే జరిగెను. 1968 లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున సీలీ అను శస్త్రవైద్యుడు ఒక జాలరి గుండెను తెరచి దొడ్డిదారిని కోసివేసెను. 1982 నాటికి కాథెటర్ గుండ విద్యుత్ తాడనమిచ్చుట మొదలైనది. కాని అది మొరటు పద్ధతి. దశాబ్దము చివరనుండి రేడియో తరంగముల వేగముగల విద్యుత్తు ఆ స్థానము నాక్రమించినది. రేడియో శ్రోతలకు ఇది ఆసక్తికరమగు విషయము. విజయవాడ కేంద్రము మన సెట్లలో 837 కిలోహెర్ట్‌జులమీద, అనగా సెకనుకు 8,37,000 కంపనములతో పరిచితమైనది. గుండె చికిత్సలో వాడు విద్యుత్తు సెకనుకు సుమారు 5 లక్షల కంపనములు గలది. అనగా మీడియం వేవు ముల్లును ఎడమ కొసకు జరిపి, ఇంకను కొంచెము ముందుకు పోయిన చోటు. ఇంత వేగముగల విద్యుత్తు కండను కుదుపదు, గుండెను తాడింపదు. కాథెటర్ కొన తాకినచోట మాత్రము వేడి పుట్టించును. 50 డిగ్రీలు దాటినచో కణములు మరల కోలుకొనవు. అర నిమిషము మొదలు నిమిషములోపల కొన్ని మిల్లీమీటర్ల మేర కమిలి, ఆ త్రోవ శాశ్వతముగ మూసికొనిపోవును. రోగికి ఛాతీలో కొంత మంట తోచవచ్చును. పిమ్మట కొన్ని గంటలు కాలు కదపక పండుకొనవలెను. సాధారణముగ ఒకటి రెండు దినములలో ఇల్లు చేరవచ్చును.

ఫలితమెట్టిది? రెండు త్రోవల దడలోను, దొడ్డిదారి దడలోను నూటికి 95 మందికి దాదాపుగ నయమగును. కొందరికి దడ మరల వచ్చి రెండవసారి చికిత్స వలసియుండవచ్చును. ప్రమాదము పూర్తిగ లేదని మేము చెప్పజాలము. మెల్లని త్రోవ తూమునకు ఆనుకొనియే యుండును. దానిని కాల్చునపుడు తూమే దెబ్బతిన్నచో పైగదుల స్పందనము క్రిందికి దిగక, జీవితాంతము పేస్‌మేకరు అమర్చుకొనవలసివచ్చును. ఇది నూటికి ఒకరికంటె తక్కువమందికి జరుగును. కాని జరిగినవారికి అది నూటికి నూరు. గజ్జలో రక్తము గూడుకట్టుట, అరుదుగ గుండె చుట్టు రక్తము చేరుట కూడ కలవు. కనుక సంవత్సరమునకొకసారి వచ్చి ముక్కగానే ఆగు దడకు చికిత్స చేయించుకొనకపోయినను తప్పు లేదు. నెలనెల వచ్చి పని చెడగొట్టు దడకు చేయించుకొనుట మేలు. దొడ్డిదారి కలిగి స్పృహ తప్పినవారు మాత్రము ఆలస్యము చేయరాదు. వారికి కర్ణికలలో అలజడి పుట్టినచో ఆ దారికి తూమువంటి నిలుపుదల లేనందున వెల్లువ యంతయు జఠరికలపై బడి ప్రాణాపాయము కలుగవచ్చును. సాధారణ దడలకిచ్చు కొన్ని మందులు వీరికి ఆ వేళ కీడు చేయును. అందులకే పాత ఇ.సి.జి. కాగితము దగ్గర నుండుట అవసరము.

రెండు దడలు వేఱు తరగతికి చెందినవి. కర్ణికలు క్రమము లేక గిజగిజలాడు వ్యాధి ఒకటి. ఇది వృద్ధులకును, చిన్ననాటి కీళ్లవాతజ్వరమువలన గుండె కవాటము చెడినవారికిని వచ్చును. ఇందు రక్తము గడ్డకట్టి మెదడునకు ఎగసి పక్షవాతము తెచ్చునను భయమెక్కువ. కావున రక్తము గడ్డకట్టకుండ మందు ముఖ్యము, దడకు చికిత్స పిదప. ఇందు కాథెటర్ చికిత్స కలదు గాని మొదటి రెండింటివలె నిశ్చయమైనది కాదు. రెండవది గుండెపోటు వచ్చిన పిమ్మట జఠరికలోని మచ్చచుట్టు పుట్టు దడ. ఇది ప్రాణాంతకము. దీనికి పెద్ద ఆసుపత్రియే శరణ్యము.

ఈ పరీక్ష, చికిత్స విజయవాడ, హైదరాబాదు వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో జరుగుచున్నవి. వ్యయమునకు వెరచువారు, 2007 లో ఆరోగ్యశ్రీగ మొదలై 2024 లో ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగ పేరు మార్చుకొన్న పథకము తమకు వర్తించునో లేదో ఆసుపత్రిలో ముందుగ విచారింపవలెను.

తుదకు మేము గృహస్థులకు చెప్పునది ఇంతమాత్రమే. ఇంటిలో ఎవరైన, ముఖ్యముగ స్త్రీలు, గుండె హఠాత్తుగ పరుగెత్తి హఠాత్తుగ ఆగుచున్నదని చెప్పినచో, అది మనసు బలహీనత యని త్రోసివేయకుడు. నాడిని లెక్కింపుడు. దడ ఉన్నప్పుడే ఇ.సి.జి. తీయింపుడు. ఆ కాగితముతో హృదయవైద్యుని చూడుడు. పిమ్మట మాత్రయా, చికిత్సయా, ఊరకుండుటయా అనునది రోగియు వైద్యుడును కలిసి తేల్చుకొనవలసిన విషయము. ఆ నిర్ణయమునకు మొదటి మెట్టు మాత్రము రోగి మాటను నమ్ముటయే.